కోటలో ఆడవాళ్ళకేం పని?

"ఆ కోటలో ఏముందమ్మా చెల్లెమ్మా, ఆరంతస్తులూ ఖాళీయే. ఆడవాళ్ళు పైకెక్కి చూడవలసిందేమీ లేదు. మీరూ మీ వదినా కింద చెట్టునీడన కూచుని కబుర్లు చెప్పుకోండి. మేం గబగబా ఎక్కి దిగొచ్చేస్తాం!"

ఈ మాట అన్నది పరాయివాడెవరో కాదు. మా అబ్బాయి స్నేహితుడి నాన్నగారు. రిటైరయిన ఇంజనీరు. బహు మంచివారు. నన్ను నోరారా 'చెల్లెమ్మా' అని పిలుస్తారు. మా అబ్బాయీ, వాళ్ళబ్బాయీ జపాన్‌లో కోబె ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు. పిల్లల్ని చూడ్డానికని మేం నలుగురం పెద్దవాళ్ళం ఒకేసారి వెళ్ళాం. వెళ్ళినవాళ్ళం ఊరికే కూచుంటామా? ఒక ఆదివారంనాడు పిల్లలు మమ్మల్ని రైలెక్కించి హిమేజి కోటకి తీసుకెళ్ళారు.

స్టేషను దిగి బయటికి రాగానే తిన్నటి వీధి, ఆ వీధి చివర గుట్టమీద తెల్లటి కోట. చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం మాట రాలేదు. కోటంటే మనకి నల్లరాయి, బురుజులు, గోడల పగుళ్ళలో మొలిచిన రావిమొక్కలు కదా? ఇది అలా కాదు. రాతి పునాదిమీద చెక్కతో కట్టి, గోడలకీ, చూరు అంచులకీ, పెంకుల సందులకీ కూడా తెల్లటి సున్నం పూత పూశారు. రెక్క విప్పిన కొంగలా ఉందని జపాన్‌వాళ్ళు దానికి తెల్లకొంగ కోట అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ పూత అందానికి మాత్రమే కాదుట, నిప్పు అంటుకోకుండానుట.

అటువంటి కోట గుమ్మందాకా వచ్చాక నన్ను చెట్టుకింద కూచోమంటే కూచుంటానా? "అన్నయ్యగారూ, ఖాళీ అయితే మరీ మంచిది, తోపులాట ఉండదు" అని చెప్పులు విప్పి, వాళ్ళిచ్చిన సంచీలో పెట్టుకుని, ముందు నేనే ఎక్కాను. వదినకి మోకాళ్ళ నొప్పులు. పాపం, ఆవిడ దిగువ ముంగిట్లోనే ఆగిపోయింది.

ఇంజనీరుగారు అబద్ధం చెప్పలేదు. లోపల నిజంగానే ఏమీ లేదు. సింహాసనం లేదు, పట్టెమంచం లేదు, రాణిగారి నగలు లేవు. బయటికి అయిదంతస్తుల్లా కనిపిస్తుంది గానీ లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి. మెట్లు మెట్లలా ఉండవు, అటకమీదికి వేసిన నిచ్చెనలా ఉంటాయి. నేలమాళిగ నుంచి పైదాకా రెండు మహా స్తంభాలు, ఒక్కొక్కటీ దాదాపు 25 మీటర్లు. గోడల్లో తుపాకులకీ బాణాలకీ గుండ్రంగా, ముక్కోణంగా, చదరంగా కన్నాలు. గోడెక్కే శత్రువుమీద రాళ్ళు దొర్లించడానికి గూళ్ళు. ఇకెదా తెరుమాసా అనే ప్రభువు 1601లో మొదలుపెట్టి 1609కి పూర్తిచేశాడు.

తమాషా ఏమిటంటే, ఇన్ని కన్నాలూ పెట్టి, ఇన్ని మలుపుల దారులూ వేసి ఎదురుచూస్తే, ఆ కోటమీదికి ఒక్క శత్రువూ రాలేదు. దాని కన్నాల్లోంచి యుద్ధంలో ఒక్క బాణమైనా బయటికి పోలేదు.

రాజులు పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక కోటని వేలం వేస్తే 23 యెన్ల చిల్లరకి ఎవరో పాడుకున్నారనీ, పెంకులూ కలపా పీకించే ఖర్చే ఎక్కువయ్యేట్టుందని వదిలేశారనీ అక్కడ చెప్పుకుంటారు. మన పాతసామాన్లవాడు కూడా ఇంత నిర్దయగా బేరం చెయ్యడు. 1945 జులైలో అమెరికా విమానాలు హిమేజి ఊరిని తగలబెడితే, కోటమీద పడ్డ బాంబు పేలలేదు. 1956 నుంచి 1964 దాకా పెద్ద గోపురాన్ని విప్పి, ముక్కముక్కా చూసుకుని మళ్ళీ నిలబెట్టారు. 1993లో ప్రపంచ వారసత్వ సంపద అన్నారు. మళ్ళీ 2009 నుంచి 2015 దాకా పైకప్పూ పూతా బాగుచేశారు. ఇదంతా ఇంజనీరుగారు నాకు ఒక్కొక్క అంతస్తులో ఒక్కొక్క అధ్యాయంగా చెప్పారు. వడ్రంగులకీ, తాపీవాళ్ళకీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అందులో నాకేమీ తగువు లేదు.

నా తగువంతా 'ఆడవాళ్ళు చూడవలసిందేమీ లేదు' అన్న మాటతోనే.

ఆ గోపురం ఖాళీగా ఎందుకుంది? ఎవరో దోచుకుపోయి కాదు. అది కాపురం చెయ్యడానికి కట్టిన ఇల్లు కాదు గనక! ప్రభువు ఉండేది కింద, వేరే భవనాల్లో. గోపురం ఆయుధాలు దాచుకోడానికీ, శత్రువు మరీ మీదపడితే ఆఖరికి తలదాచుకోడానికీ. ఆ ప్రభువుల భవనాలు ఈనాడు లేవు. కొన్ని కాలిపోయాయి, కొన్ని కూల్చేశారు. మరి కోటలో మనుషులు తిని, పడుకుని, నవ్వి, ఏడ్చిన చోటు ఏదైనా మిగిలిందా అంటే, మిగిలింది. అది పడమటి ప్రాకారం. అక్కడొక పొడుగాటి వసారా, దాని పక్కన వరసగా చిన్నచిన్న గదులు. అవి దాసీల గదులు. చివర ఒక బురుజు. దాని పేరు అలంకరణ బురుజు. అంటే చూడండి, యుద్ధం కోసం కట్టినచోట యుద్ధం జరగలేదు, కాపురం జరిగినచోట్లలో మిగిలింది ఆడవాళ్ళదే. దాన్ని మాత్రం "టైముంటే చూద్దాం" అంటారు! మేం కూడా గోపురం ముందు ఎక్కి, దిగొచ్చాక పోట్లాడి మరీ వెళ్ళాను.

ఆ బురుజు ఎవరిదో తెలుసా? సెన్ అనే రాకుమారిది. జపాన్‌ని గుప్పిట్లో పెట్టుకున్న తొకుగావా ఇయెయాసుకి మనవరాలు. 1603లో, ఏడేళ్ళ పిల్లని, తాతగారు రాజకీయం కోసం ఓసాకా కోటలో ఉన్న హిదెయోరికిచ్చి పెళ్ళి చేశాడు. పన్నెండేళ్ళు తిరిగేసరికి, 1615లో, ఆ తాతగారే ఆ మనవడి కోటమీదికి దండెత్తి తగలబెట్టాడు. మొగుడూ అత్తగారూ అందులోనే ప్రాణాలు తీసుకున్నారు. పిల్లని మాత్రం బయటికి తెచ్చారు. మరుసటేడే హోందా తదాతోకి అనే యువకుడికిచ్చి మళ్ళీ పెళ్ళి. 1617లో హిమేజి కాపురం. పుట్టింటివారు ఆ పిల్లకి పసుపుకుంకుమల కింద లక్ష కొకుల ధాన్యం వచ్చే భాగ్యం ఇచ్చారట. ఒక కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం. ఆ సొమ్ముతోనే పడమటి ప్రాకారం కట్టారంటారు. అంటే ఆ కోటలో ఒక భాగం పెళ్ళికూతురి కట్నం! మొగవాళ్ళు కట్టిన కోట, మొగవాళ్ళు కట్టిన కోట అని గొంతు చించుకునేవాళ్ళు ఈ పద్దు కూడా కాస్త రాసుకుంటే బాగుంటుంది.

ఆ కాపురమైనా నిలిచిందా? కొడుకు పుట్టి మూడేళ్ళకి, 1621లో పోయాడు. ఆ తర్వాత కడుపు నిలవలేదు. పోయిన మొదటి మొగుడి శాపం అన్నారు. ఆ తల్లి ఆ వసారాలోంచి ఎదురుగా కొండమీదున్న గుడివైపు తిరిగి పొద్దునా సాయంత్రం దణ్ణం పెట్టుకునేదట. 1626లో రెండో భర్తా పోయాడు. ముప్ఫై ఏళ్ళు నిండకుండా రెండుసార్లు పసుపుకుంకుమలు పోగొట్టుకుని, కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. సన్యాసం పుచ్చుకుని 1666దాకా బతికింది.

ఇప్పుడు బురుజులో ఆవిడ బొమ్మని అందమైన కిమోనో కట్టి కూచోబెట్టారు. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగుందో" అని ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. నేనూ తీసుకున్నాను, దాచుకోవడం ఎందుకు? అందగత్తె, అదృష్టం లేని పిల్ల. కథ అక్కడితో సరి అంటారు.

సరి కాదండీ. ఓసాకా కోట పడిపోయాక హిదెయోరికి మరొకామె వల్ల కలిగిన పిల్లలు దొరికిపోయారు. ఎనిమిదేళ్ళ మొగపిల్లవాణ్ణి తల తీశారు. ఏడేళ్ళ ఆడపిల్ల మిగిలింది. సవతి కూతురు. మొగుడు పోయి, ఇల్లు కాలి, తనే దిక్కులేక ఉన్న సెన్, ఇంకా ఇరవై నిండని పిల్ల, ఆ సవతి కూతుర్ని తన కూతురుగా దత్తు తీసుకుని ప్రాణం నిలబెట్టింది. ఆ పిల్ల సన్యాసినిగా కామాకురా ఊళ్ళోని తోకేజి అనే మఠంలో చేరి, పెద్దయ్యాక దానికి అధిపతి అయింది. ఆ తోకేజి ఎలాంటి మఠం అనుకున్నారు? మొగుడితో వేగలేని ఆడది పారిపోయివచ్చి దాని గుమ్మం దాటితే చాలు, వెనక వచ్చినవాడు లోపలికి రాకూడదు. అక్కడ కొన్నేళ్ళు గడిపితే విడాకులు ఇప్పించేవారు. మొగుడు రాసిస్తే తప్ప ఆడదానికి విడుదల లేని రోజుల్లో! శతాబ్దాల తరబడి ఎందరో ఆడవాళ్ళకి దిక్కయిన ఆ గుమ్మానికి అధిపతి అయిన మనిషిని బతికించింది ఈ 'అందమైన బొమ్మ'.

దీనికి లోకం ఆవిడకిచ్చిన బహుమానం ఏమిటో కూడా వినండి. విధవరాలై ఒంటరిగా ఉందిగదా, దారినపోయే మొగవాళ్ళని మేడమీంచి పిలిచి చంపించేదని పుకారు పుట్టించారు. పాటలు కట్టారు. ఒంటరి ఆడదాని మేడవైపు చూసే కళ్ళు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటాయి కాబోలు.

ఇది రాకుమారి సంగతి. ఇంక ముసలమ్మ సంగతి.

ఇకెదా కంటే ముందు, 1580 ప్రాంతాల్లో, అదే గుట్టమీద హిదెయోషి కోట కడుతున్నాడు. రాళ్ళు చాల్లేదు. ఊళ్ళో బియ్యప్పిండి రొట్టెలు కాల్చి అమ్ముకునే పేద ముసలమ్మ ఒకావిడ తన తిరగలిరాయి తెచ్చి ఇచ్చిందట. ఆ సంగతి పాకి, ఊరూరివాళ్ళూ సిగ్గుపడి రాళ్ళు మోసుకొచ్చి పడేశారట. కోట లేచింది. ఈనాటికీ రాతిగోడలో ఆ ముసలమ్మ రాయి ఇదీ అని చూపిస్తారు. దానిమీద వల కూడా బిగించారు.

"చూశావా, ఎంత రాజభక్తో!" అన్నారు ఇంజనీరుగారు.

"సరే గానీ అన్నయ్యగారూ, మర్నాడు ఆవిడ పిండి దేనితో విసిరింది?" అన్నాను.

ఆయన తెల్లబోయారు. నేను హాస్యానికి అనలేదు. మనలో తిరగలి తిప్పినవాళ్ళకి తెలుసు. అది రాయి కాదు, పొట్టకూడు. ధనవంతుడు పదివేల రాళ్ళిచ్చినా మర్నాడు వాళ్ళింట పొయ్యి వెలుగుతుంది. ఈవిడ ఒక్క రాయిచ్చి పొయ్యి ఆర్పుకుంది. రాయిని వలకట్టి కాపాడారు, బాగుంది. ముసలమ్మ పేరు కాపాడినవాడు ఒక్కడూ లేడు. ఇకెదా పేరుంది, హిదెయోషి పేరుంది. ఈవిడ 'ముసలమ్మ'. ఇది వట్టి కథే అనుకోండి. కథలోనైనా ఒక పేరు పెట్టడానికి ఏం ఖర్చయింది?

ఇక మూడోది బావి. మేం దిగొచ్చేసరికి అబ్బాయి వదినని ఆ బావి దగ్గరే కూచోబెట్టాడు. చుట్టూ రాతి కటకటాలు, పైన కమ్మీల తడిక. వచ్చేపోయేవాళ్ళంతా వంగి చూసి, భయం నటించి, నవ్వి పోతున్నారు. అది ఒకికు బావి. ఇప్పటి తెల్లకోట కంటే ముందుకాలపు కథ. ఒకికు పనిపిల్ల. ఇంట్లో వెలగల పళ్ళేలు పది. వాటిలో ఒకటి పోయింది. దానికి ఆ పిల్లని చంపి బావిలో పడేశారు. రాత్రుళ్ళు బావిలోంచి దయ్యమై, ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిదిదాకా లెక్కపెట్టి గొల్లున ఏడుస్తుందట. ఇదీ అందరూ చెప్పే కథ. 1741లో దీన్ని బొమ్మలాటగా కూడా ఆడారు.

వదిన అంతా విని, మోకాలు రాసుకుంటూ, "అయితే ఆ పదోది ఎవరు తీశారటా? వాణ్ణి ఎవరూ లెక్క అడగలేదా?" అంది.

చూశారా! ఆరంతస్తులూ ఎక్కిన మాకెవరికీ తోచని ప్రశ్న, చెట్టుకింద కూచోమన్న మనిషికి తోచింది.

తీసినవాడున్నాడు. హిమేజివాళ్ళు చెప్పుకునే అసలు కథలో, ఆ యజమాని తన ప్రభువుకి విషం పెట్టి కోట కాజెయ్యాలని కుట్ర పన్నాడు. ఆ కుట్ర కనిపెట్టడానికే ఒకికు ఆ ఇంట పనికి చేరింది. కనిపెట్టి కబురందించింది. ప్రభువు ప్రాణం దక్కింది. ఆ సంగతి పసికట్టిన ఇంటి నౌకరొకడు, 'నా మాట వింటావా, నీ గుట్టు బయటపెట్టనా' అని వెంటపడ్డాడు. ఆ పిల్ల కాదంది. వాడు పళ్ళెం దాచేసి, నేరం ఆమె నెత్తిన వేశాడు. తర్వాత మంచివాళ్ళు కోట తిరిగి గెలుచుకుని ఆ పిల్లని దేవతగా నిలిపారు. హిమేజిలో ఇప్పటికీ గుడి ఉంది.

అంటే ప్రభువుని కాపాడిన మనిషి, బెదిరింపుకి లొంగని మనిషి, లోకం నోట్లో పడేసరికి 'పళ్ళెం పోగొట్టిన పనిపిల్ల' అయింది. కుట్ర మరిచిపోయాం, దొంగని మరిచిపోయాం, పళ్ళేల లెక్క మాత్రం గుర్తుంది.

ఇక్కడిదాకా మొగవాళ్ళని దులిపేశాను గదా, మీరంతా నావైపే ఉండి ఉంటారు. ఇప్పుడు నన్నూ, మిమ్మల్నీ దులపాలి. ఆ బావి దగ్గర నాకు నవ్వు రాలేదు. కారణం చెప్తాను.

పాతికేళ్ళ కిందటి మాట. మా ఇంట్లో ఆరు వెండిగిన్నెలుండేవి, మా అమ్మ పెట్టినవి. శ్రావణ శుక్రవారంనాడు కడిగి తుడిచి చూస్తే అయిదే ఉన్నాయి. మా పనిమనిషి మా ఇంట తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. దాన్ని నేను దొంగా అనలేదు. పల్లెత్తు మాట అనలేదు. అది అంట్లు తోముతుంటే ఎదురుగా పీటేసుక్కూచుని, ఆ గిన్నెల్ని ఒక్కొక్కటే తీసి కింద పెడుతూ, "ఒకటి... రెండు... మూడు..." అని పైకి లెక్కపెట్టాను. అయిదు దగ్గర ఆగాను. అది తలెత్తి నావైపు చూసింది. తోమవలసినవి తోమి, బోర్లించి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రాలేదు.

నాలుగు నెలల తర్వాత సంక్రాంతికి అటక దులుపుతుంటే, మా అత్తగారి పాత పట్టుచీర మడతల్లో ఆరో గిన్నె దొరికింది. అక్కడ పెట్టింది నేనే. వెళ్ళి చెప్పాలనుకున్నాను. సిగ్గేసింది. ఇవాళా రేపా అనుకుంటూంటే వాళ్ళు ఊరే మారిపోయారు. ఇప్పుడు దాని అయిపు నాకు తెలీదు.

అమ్మలారా, ఇంట్లో స్టీలు గ్లాసు కనిపించకపోతే మన చూపు మొదట ఎవరివైపు పోతుంది? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. ఒకికుని బావిలో పడెయ్యడానికి కత్తీ కఠారీ అక్కర్లేదు. ఎదురుగా కూచుని లెక్కపెడితే చాలు. అది నేను చేసి చూపించాను.

తిరుగు రైల్లో ఇంజనీరుగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇవన్నీ పుక్కిటి పురాణాలు చెల్లెమ్మా. కోట మాత్రం నిజం. కలప నిజం, సున్నం నిజం" అన్నారు.

కాదనను. ఒకికు ఉందో లేదో, ముసలమ్మ ఉందో లేదో నేను ప్రమాణం చెయ్యలేను. సెన్ మాత్రం చరిత్రే. అయినా, కథలు వట్టివే అయితే మాత్రం, వాటిని ఎలా చెప్పుకుంటున్నామన్నది నిజమే కదా? పళ్ళెం పోగొట్టిందని చెప్తే పిల్లలకి ఒక బుద్ధి వస్తుంది. పళ్ళెం దాచినవాడున్నాడని చెప్తే ఇంకో బుద్ధి వస్తుంది. ముసలమ్మ భక్తురాలని చెప్తే పేదవాడి దగ్గర తీసుకోవడం అలవాటవుతుంది. మర్నాడు ఏం తిందని అడిగితే, తీసుకునేముందు కాస్త చెయ్యి వణుకుతుంది. గోపురానికి సున్నం వేసినంత శ్రద్ధగా ఈ కథలకి వేసిన సున్నం గీకి చూడాలి.

అందుకని చెప్తున్నాను. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి ఆ దేశం వెళ్ళి, హిమేజి కోట గుమ్మంలో ఎవరైనా మిమ్మల్ని చెట్టుకింద కూచోమంటే కూచోకండి. మోకాళ్ళు సహకరించకపోతే గోపురం మానెయ్యండి, తప్పులేదు. పడమటి వసారాలో మాత్రం నెమ్మదిగా నడవండి. తిరగలిరాయి ఎక్కడుందో అడగండి. బావి దగ్గర నవ్వే గుంపులో కలవకండి.

ఇదంతా రాసి మావారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగానే ఉంది. అయితే ఇకమీదట మనింట్లో గిన్నె పోతే ఎవర్ని అడుగుతావు?" అన్నారు.

"ముందు మిమ్మల్ని" అన్నాను. "తర్వాత అటక వెతుకుతాను."